లోపలికి తాళం ఉండవచ్చు, బయటికి ఉండరాదు
(అదియమాన్‌కోట్టైలో జరిగిన సర్వసభ్య సమావేశంలో మన యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి ఎజెండాలో బోనసు ఉన్నది, క్యాంటీను ఉన్నది. ఆ రెండూ కోశాధికారి గారు చెబుతారు. గేటు సంగతి మాత్రం మమ్మల్ని మాట్లాడమని కమిటీ అప్పగించింది. కొంతకాలంగా యూనియన్ ఆఫీసుకు వస్తున్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీని గురించే. వేలు పడలేదు, పూట జీతం పోయిందని ఒకరు. కార్డు చూపితే ఎర్ర లైటు వెలిగింది, ఎందుకో చెప్పేవాడు లేడని మరొకరు. రాత్రి కడుపునొప్పి వస్తే హాస్టలు తలుపు తీయించడానికి వార్డెన్ కోసం కాచుకొని కూర్చున్నామని ఆడపిల్లలు. వినడానికి ఇవి మూడు ఫిర్యాదులు. మూడింటికీ మూలం ఒకే మిషను. దాని సంగతి తెలుసుకోకుండా యాజమాన్యంతో మాట్లాడడానికి కూర్చుంటే, వాళ్ళు నాలుగు ఇంగ్లీషు మాటలు చెప్పి మన నోరు మూయిస్తారు. అందుకని ఈ రోజు కొంచెం ఓపిక పట్టి వినవలసిందిగా కోరుతున్నాము.

మనం కూర్చున్న ఈ ఊరు కోట ఊరు. పేరులోనే కోట్టై ఉన్నది. తగడూరును ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి పేరు మీద వచ్చిన ఊరు ఇది. తగడూరు అంటే నేటి ధర్మపురే. అతడు అవ్వైయారుకు నెల్లికాయ ఇచ్చిన కథ మన పిల్లలు తమిళ వాచకంలో చదువుకున్నదే. అదే అవ్వైయారు ఒకసారి ఇతని వాకిట నిలిచి, బహుమానం ఆలస్యమైనందుకు నొచ్చుకొని, కావలివానిని పిలిచి పాడిన పాట ఒకటి పురనానూరులో ఉన్నది. రాజు లోపల ఉన్నాడు, ఆమె బయట ఉన్నది. తన మనసులోని మాటంతా ఆ కావలివానితోనే చెప్పుకున్నది. అంత పాత కాలపు వాకిటిలో కూడా చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు మన గేటులో ఉన్నది గోడకు బిగించిన ఒక పెట్టె. అది "ప్లీజ్ ట్రై అగైన్" అంటుంది. ఇంకో మాట దానికి రాదు.

ఈ అదియమాన్‌కోట్టై, తడంగం చుట్టుపట్ల సిప్కాట్ పారిశ్రామిక పార్కు కోసం భూములు కేటాయించిన సంగతి మీకు తెలుసు. రేపు మన పిల్లలు అక్కడ ఏ ఫ్యాక్టరీలో చేరినా మొదట ఎదురయ్యేది ఈ పెట్టే. కనుక ఇది సేలం వైపు మిల్లు బస్సెక్కి పోయేవారి గొడవ మాత్రమే అనుకోవద్దు.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాము. మన యూనియన్ మిషనుకు వ్యతిరేకం కాదు. మా తరం వాళ్ళం ఇత్తడి టోకెన్ల కాలంలో మిల్లులో చేరాము. సైరను కూసిన కొద్ది నిమిషాలకే టోకెను బోర్డు మూసేవారు. బదిలీ వాళ్ళు తెల్లవారక ముందే గేటు ముందు నిలబడితే, టైం కీపరు వేలు ఎవరి వైపు తిరిగితే వానికే ఆ రోజు పని. ఆ వేలు ఎవరి వైపు తిరగాలో ముందు రోజు సాయంత్రం టీ కొట్టులో తేలిపోయేది. కార్డు మిషనుకు కులం తెలియదు, మేస్త్రీ మేనల్లుడు ఎవరో తెలియదు, టీ తాగదు. ఆ మేరకు అది పాత టైం కీపరు కంటే మంచిదే. కుర్రవాళ్ళు ఈ మాట మాతో వాదించినప్పుడు మేము ఒప్పుకున్నాము.

మిల్లు అన్నాక గేటు ఉంటుంది. గేటు దగ్గర నిమిషాల లెక్క ఎప్పుడూ ఉన్నదే. 1880ల చివరలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో విలార్డ్ బండీ అనే నగల వ్యాపారి, కార్మికుడు వచ్చిన వేళను కాగితం మీద అచ్చు వేసే గడియారం తయారు చేశాడు. ఆ కంపెనీ తరువాత మరికొన్నింటితో కలిసి నేటి ఐబిఎం అయింది. ప్రపంచంలో పెద్ద కంప్యూటరు కంపెనీ ఒకటి ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా పుట్టిందన్నమాట. మన వైపు చూస్తే, 1918 ఏప్రిల్ 27న పెరంబూరులో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. బి.పి. వాడియా, తిరు.వి.క. వంటి పెద్దలు ముందు నిలిచారు. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికుల తరఫున వాళ్ళు పెట్టిన తొలి కోరికల్లో ఒకటి, మధ్యాహ్నపు విరామం 30 నిమిషాలు చాలదు, 40 చేయమని. పది నిమిషాలు! చేయి కడుక్కొని నాలుగు ముద్దలు తిని మళ్ళీ గేటు దాటాలంటే ఆ పది నిమిషాల విలువ ఏమిటో మిల్లు మనిషికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక మిషను సంగతి. దీనిని యాక్సెస్ కంట్రోల్ అంటారు. పేరు పెద్దదే గాని పని చిన్నది. ఎవరు, ఏ తలుపు, ఏ వేళ అనే మూడు సంగతులు చూసి తాళం తీయడం, తీసిన సంగతి రాసి పెట్టుకోవడం. గోడ మీద కనిపించేది రీడరు. మన మెడలో వేలాడే కార్డులో బ్యాటరీ ఉండదు. సన్నని రాగి తీగ చుట్ట ఒకటి, చిన్న చిప్పు ఒకటి ఉంటాయి. రీడరు దగ్గరకు పోగానే దాని నుండి వచ్చే శక్తితోనే కార్డు మేలుకొని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు లోపలి గదిలో ఉన్న కంట్రోలరుకు పోతుంది. అందులోని జాబితాలో మన నంబరు ఉంటే తాళానికి ఆజ్ఞ పోతుంది. ఆ వేళ కంప్యూటరులో పడుతుంది. ఇంతే. ఇందులో మంత్రం లేదు. మన బ్లో రూము, కార్డింగు మిషన్ల కంటే ఇది చాలా సులభమైన యంత్రం.

అయితే తాళం దగ్గర ఒక మెలిక ఉన్నది. దానిని మీరు బాగా పట్టుకోవాలి.

మన వైపు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించేది అయస్కాంతపు తాళం. తలుపు చట్రానికి పైన ఒక పొడుగాటి విద్యుదయస్కాంతం, తలుపుకు ఒక ఇనుప పలక. కరెంటు పారుతున్నంతసేపు రెండూ కరుచుకొని ఉంటాయి. చిన్న రకం 600 పౌండ్లు, అంటే సుమారు 272 కిలోల లాగుడుకు ఆగుతుంది. పెద్ద రకం 1,200 పౌండ్లు, సుమారు 544 కిలోలు. మన పత్తి బేలు 170 కిలోలు గదా. మూడు బేళ్ళు కలిపి వేలాడదీసినా ఊడదని దీని లెక్క. పొగలో దగ్గుతూ ఒక ఆడమనిషి భుజంతో నెట్టితే అది కదులుతుందా?

కరెంటు పోతే ఈ తాళం దానంతట అదే వదిలిపెడుతుంది. దీనిని ఫెయిల్ సేఫ్ అంటారు. మరో రకం తాళం కరెంటు పోతే మూసుకొనే ఉంటుంది. దానిని ఫెయిల్ సెక్యూర్ అంటారు. క్యాషు గదికి, స్టోర్సుకు అది పెడతారు. అందులోనూ మంచి రకమైతే లోపలి వైపు పిడి తిప్పితే చాలు, కరెంటుతో పని లేకుండా మనిషి బయటికి రావచ్చు. డ్రా ఫ్రేములో స్లైవరు తెగితే ఏమవుతుంది? స్టాప్ మోషన్ పడి మిషను ఆగుతుంది. ఎవరూ పరుగెత్తి ఆపనక్కరలేదు. తప్పు జరిగినప్పుడు యంత్రం తనంతట తాను తక్కువ నష్టం వైపుకు పోవాలన్న తెలివి అది. పత్తి పాడు కాకుండా అంత తెలివి పెట్టినవాళ్ళు, మనిషి వెళ్ళే తలుపుకు అంతకంటే తక్కువ తెలివి పెడితే మనం ఒప్పుకోవచ్చునా?

ఒక మిల్లులో మేము ఈ ప్రశ్న అడిగినప్పుడు ఇంజనీరు గారు నవ్వి, "నిప్పంటుకుంటే ముందు కరెంటు ఆపేస్తాం, తలుపు అదే తెరుచుకుంటుంది, మీకెందుకు భయం?" అన్నారు. వినడానికి బాగానే ఉన్నది. కానీ చాలా కంట్రోలరు పెట్టెల్లో ఒక బ్యాటరీ ఉంటుంది. మామూలుగా 12 వోల్టులది, స్కూటరు బ్యాటరీ అంతది. కరెంటు పోయినా తాళం వదలకుండా ఉండడానికే దానిని పెట్టారు! మెయిన్ ఆపితే మిల్లంతా చీకటి పడుతుంది, తలుపు మాత్రం ఇంకా కొన్ని గంటలు బిగుసుకొనే ఉంటుంది. కాబట్టి కరెంటు పోవడాన్ని నమ్ముకోవద్దు. ఫైర్ అలారం మోగగానే తాళానికి పోయే తీగలోనే కరెంటు తెగాలి. తలుపు పక్కన పగలగొట్టే ఆకుపచ్చ పెట్టె ఉండాలి. అది కూడా కంప్యూటరుకు కబురు పంపేది కాకూడదు, తాళం తీగను నేరుగా తెంచేది కావాలి. కంప్యూటరు కాలిపోయి ఉండవచ్చు గదా.

ఇది మా భయం కాదు, జరిగిన చరిత్ర. 1911 మార్చి 25న న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ షర్టుల ఫ్యాక్టరీ కాలిపోయింది. 146 మంది చనిపోయారు. చాలామంది ఇటలీ నుండి, తూర్పు యూరపు నుండి వలస వచ్చిన పడుచు పిల్లలు. తొమ్మిదవ అంతస్తులో ఒక పక్క తలుపుకు తాళం వేసి ఉన్నది. ఎందుకు? అందరూ ఒకే తలుపు గుండా పోతే సంచులు తడిమి చూడడం సులువని. బట్ట ముక్క పోతుందన్న భయంతో వేసిన తాళం అది. కోర్టులో యజమానులిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. తరువాత సివిలు దావాలో చనిపోయిన ఒక్కొక్కరికి 75 డాలర్లు కట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు 1913లో మళ్ళీ పని వేళ తలుపుకు తాళం వేసి పట్టుబడితే వేసిన జరిమానా 20 డాలర్లు. ఈ లెక్కలు గుర్తుంచుకోండి.

అదంతా పాత కాలమని అనుకుంటారేమో. 2012 సెప్టెంబరు 11న కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీలో 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, బయటికి పోయే దారులకు తాళాలు. అక్కడ నిప్పు పెట్టింది డబ్బు గుంజే ముఠా వాళ్ళేనని 2020లో కోర్టు తేల్చి ఇద్దరికి మరణశిక్ష వేసింది. ఉండవచ్చు. నిప్పు ఎవరు పెట్టినా, తలుపు మూసి పెట్టింది ఆ ముఠా కాదు గదా. అదే ఏడాది నవంబరు 24న ఢాకా దగ్గర తజ్రీన్ ఫ్యాషన్స్‌లో 110 మందికి పైగా పోయారు. అలారం మోగింది. కార్మికులు లేచారు. ఏమీ లేదు, పోయి పని చూసుకోండని పైవాళ్ళు వెనక్కి పంపారని బతికి బయటపడినవాళ్ళు చెప్పారు. ఇవన్నీ ఇనుప తాళాల కాలపు సంగతులు. అయస్కాంతపు తాళం వచ్చాక తలుపు మూసి ఉన్నట్టు కంటికి కూడా కనబడదు. గొలుసు లేదు, కప్ప లేదు. లైటు మాత్రం ఎర్రగా ఉంటుంది.

చట్టం ఏమంటుంది? 1948లో ఫ్యాక్టరీల చట్టం చేసినప్పుడే 38వ సెక్షనులో, గదిలో మనిషి ఉన్నంతవరకు బయటికి పోయే తలుపు లోపలి నుండి వెంటనే తెరవడానికి వీలుగా ఉండాలని రాశారు. 1987 సవరణలో ఆ సెక్షనును మార్చి, సురక్షితంగా తప్పించుకునే మార్గాన్ని ఏర్పాటు చేసి కాపాడాలని, ఆ మార్గం ఎక్కడున్నదో కార్మికులకు తెలిపి తర్ఫీదు ఇవ్వాలని పెట్టారు. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో 2020 నాటి భద్రత, ఆరోగ్య కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారింది గాని, పనిచోటు ప్రమాదం లేకుండా ఉంచే బాధ్యత యజమానిదే అన్నది మారలేదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్ కూడా, బయటికి పోయే తలుపు తాళంచెవి లేకుండా లోపలి నుండి తెరుచుకోవాలనే చెబుతుంది. కార్డు కూడా తాళంచెవే గదా. చొక్కా జేబులో మరిచిపోయిన కార్డు కోసం మనిషి చావవలసిన పని లేదు.

ఇక హాస్టళ్ళ సంగతి. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్ళలో కొందరు ఈ మాట మైకులో చెప్పవద్దన్నారు. వాళ్ళ మిల్లు పేరు చెప్పకుండా చెబుతున్నాము.

తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో సుమంగళి పథకం పేరు విననివారు లేరు. పెళ్ళికాని పిల్లలను మూడేళ్ళకు చేర్చుకొని, చివర పెళ్ళికి ఒక మొత్తం ఇస్తామని, అంతవరకు మిల్లు కాంపౌండు లోపలే ఉంచడం. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన సోమో, ఇండియా కమిటీ అనే రెండు సంస్థలు దీని మీద నివేదిక ప్రచురించి, పిల్లలను బయటికి స్వేచ్ఛగా పోనివ్వరన్న సంగతి లోకానికి చాటాయి. ఆ పేరు ఇప్పుడు ఎవరూ వాడరు. హాస్టళ్ళు మాత్రం ఉన్నాయి. ఒక చోట హాస్టలు తలుపుకు కొత్తగా మిషను పెట్టారు. పిల్ల కార్డు పెడితే షిఫ్టు వేళ మాత్రమే తెరుచుకుంటుంది. మిగతా వేళల్లో వార్డెన్ కార్డు కావాలి. రాత్రి వార్డెన్ నిద్రపోతుంది. "ఆడపిల్లల రక్షణ కోసం" అన్నారు.

రక్షణ వద్దని మేము అనము. మాకూ ఆడపిల్లలున్నారు. బయటి మగవాడు లోపలికి రాకుండా తాళం వేయండి, రెండు వేయండి. కానీ లోపలి పిల్ల బయటికి రావడానికి అడ్డం పెట్టింది రక్షణ ఎలా అవుతుంది? వయసు వచ్చిన మనిషిని తన ఇష్టం లేకుండా ఒక హద్దు దాటనీయకుండా ఆపడం నేరం. పాత శిక్షాస్మృతిలో 342వ సెక్షన్ కింద శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 127వ సెక్షన్. తాళం ఇనుముదా, కరెంటుదా అని ఆ సెక్షను అడగదు. రాత్రి పదకొండుకు ఒక పిల్ల బయటికి పోతే ఆ సంగతి మిషను రాసుకోనీ, వార్డెనుకు గంట మోగనీ. తలుపు మాత్రం తెరుచుకోవాలి.

వేలు సంగతికి వద్దాం. మన దేశంలో వేలిముద్ర చరిత్ర కూడా ఒక కంట్రాక్టుతోనే మొదలైందంటే మీరు నవ్వుతారు. 1858లో బెంగాల్‌లో జంగీపూర్ దగ్గర విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కోనాయి చేత కంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు నేను ఒప్పుకోలేదని అనకుండా! ఆనాటి నుండి ఈనాటి దాకా ముద్ర వేసేది మనమే, వేయించుకునేది వాళ్ళే.

ఇప్పటి మిషను వేలి ఫోటోను చూసి పోల్చదు. వేలి గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అనే గుర్తులను మాత్రం లెక్కలుగా మార్చి దాచుకుంటుంది. ఆ గీతలే అరిగిపోతే? రింగ్ ఫ్రేము దగ్గర రోజుకు ఎన్నిసార్లు పోగు అతుకుతామో మనకు లెక్క లేదు. బొటనవేలు, చూపుడువేలు మీదనే ఆ రాపిడంతా. పైగా చేతికి నూనె, రీడరు అద్దం మీద పత్తి దూది. మార్గళి చలిలో చర్మం పగిలితే ఇక చెప్పనే వద్దు. రేషను షాపులో మన ముసలివాళ్ళు పడే అవస్థే మనకు రోజూ గేటులో. కనుక చేరే రోజున ఒక్క బొటనవేలే ఇచ్చి రావద్దు. ఎడమచేతి ఉంగరపు వేలు కూడా ఎక్కించమని అడగండి. అది పోగు అతకదు, అరగదు. రీడరు అద్దాన్ని ప్రతి షిఫ్టుకు ముందు తుడవమని టైం ఆఫీసుకు చెప్పండి. మూడుసార్లు పడకపోతే రిజిస్టరులో సంతకం పెట్టించుకొని లోపలికి పంపాలి. ఇది మన డిమాండు.

ఆలస్యం లెక్క మరొక తలనొప్పి. తొప్పూరు ఘాటులో ఒక లారీ పడితే మిల్లు బస్సు గంట ఆగుతుంది. బస్సు ఎవరిది? మిల్లుది. దిగగానే కార్డు పెడితే ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతుంది? మనది. కొన్ని చోట్ల ఐదు నిమిషాలకు అర పూట జీతం కంప్యూటరే కోస్తున్నది. సాఫ్టువేరులో అలా పెట్టారు సార్ అంటారు. సాఫ్టువేరు ఆకాశం నుండి ఊడిపడలేదు, అందులో ఆ అంకె ఎవరో మనిషే వేశాడు. గైర్హాజరు అయిన కాలానికి మించి జీతం కోయరాదని 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా అదే చెబుతున్నది. ఐదు నిమిషాలకు ఐదు నిమిషాలే. బస్సు ఆలస్యమైతే అదీ లేదు. బస్సు గేటు దాటిన వేళ వాచ్‌మన్ పుస్తకంలో ఉంటుంది, అది చూపించండి.

ఇంతకంటే పెద్ద కత్తి ఒకటి ఉన్నది. వైండింగులో పని చేసే ఒక సోదరి, బోనసు ఎందుకు తగ్గిందని నలుగురిలో అడిగింది. మర్నాడు కార్డు పెడితే ఎర్ర లైటు. టైం ఆఫీసుకు పోతే "సిస్టంలో నీ పేరు లేదమ్మా, కంట్రాక్టరును అడుగు" అన్నారు. కంట్రాక్టరు "మిల్లును అడుగు" అన్నాడు. మూడు రోజులు తిరిగింది. మెమో లేదు, చార్జిషీటు లేదు, విచారణ లేదు. పాత కాలంలో మనిషిని గేటు బయట పెట్టాలంటే ఒక కాగితం రాయాలి, ఒకడు సంతకం పెట్టాలి, వాచ్‌మన్ మొహం చూసి చెప్పాలి. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నవాడు ఒక మీట నొక్కితే చాలు. లాకౌట్ అంటే అందరికీ గేటు మూయడమనే మనకు తెలుసు. ఒక్క మనిషికే లాకౌట్ చేసే వీలు ఈ మిషనుతో వచ్చింది. కార్డు ఆపడమంటే పని నిరాకరించడమే, దానికి రాతపూర్వకమైన ఆర్డరు ఇవ్వాలి. ఎర్ర లైటు వెలిగితే ఎవరూ ఇంటికి పోవద్దు. గేటు దగ్గరే నిలబడి, వేళ రాసుకొని, పక్కనున్న ఇద్దరిని సాక్ష్యం పెట్టుకొని, అప్పుడే యూనియన్‌కు ఫోను చేయండి. ఆ సోదరిని మళ్ళీ పనిలో చేర్చడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి గంటలోనే తెలిసి ఉంటే అంత కాలం పట్టేది కాదని మా అంచనా.

ఈ ఊరి కాలభైరవుని గుడి మీకు తెలుసు. శివాలయాల్లో రాత్రి తలుపులు మూశాక తాళంచెవులు భైరవుని ముందు పెట్టడం ఆచారం. దేవుడే అయినా చెవులు ఎవరి దగ్గరున్నవో ఊరందరికీ తెలిసి ఉండాలన్నది అందులోని సంగతి. మన మిల్లులో కంప్యూటరు చెవి ఎవరి దగ్గరున్నది? టైం ఆఫీసరు దగ్గరా, కంట్రాక్టరు దగ్గరా, మిషను అమ్మిన కోయంబత్తూరు కంపెనీవాడి దగ్గరా? పేరు చెప్పమని అడిగితే ఇంతవరకు ఒక్క చోటా జవాబు రాలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ కంపెనీ కంప్యూటర్లు మూగబోతే, వాటిని బాగుచేయవలసిన సొంత ఉద్యోగులకే ఆఫీసు తలుపులు తెరుచుకోలేదని పత్రికల్లో వచ్చింది. అంతటివాళ్ళకే అలా జరిగింది.

అయితే ఈ మిషను మనకు పనికివచ్చే చోటు ఒకటున్నది. దానిని వదులుకోవద్దు. తమిళనాడులో 1981 నాటి చట్టం ఒకటి ఉన్నది. 24 క్యాలెండరు నెలల్లో 480 రోజులు పని చేసినవానికి శాశ్వత హోదా ఇవ్వాలంటుంది. ఇన్నాళ్ళు బదిలీ వాళ్ళకు వచ్చిన చిక్కల్లా ఆ 480 రోజులు రుజువు చేయడమే. మస్టర్ రోలు యజమాని చేతిలో ఉంటుంది, పేజీలు మాయమవుతాయి. గేటు మిషను మాత్రం రోజూ రాసింది. వచ్చిన వేళ, పోయిన వేళ, ఓవర్‌టైము. ఈఎస్ఐ కేసులో ప్రమాదం జరిగిన వేళకు మనిషి లోపల ఉన్నాడా లేదా అన్నది కూడా అదే చెబుతుంది. కాబట్టి ప్రతి నెలా మన హాజరు కాగితం మనకు అచ్చు వేసి ఇవ్వాలని అడుగుతున్నాము. ఇవ్వకపోతే మీ సెల్‌ఫోనులో రోజూ గేటు దగ్గర వేళ రాసుకోండి. ఇంటి క్యాలెండరు మీద గీత పెట్టినా సరే.

అదే రికార్డు మన మీద వాడినప్పుడు మాత్రం కళ్ళు మూసుకొని ఒప్పుకోవద్దు. కార్డు లోపలికి వచ్చిందంటే మనిషి వచ్చాడని కాదు. పాత రకం 125 కిలోహెర్ట్జ్ కార్డు తన నంబరును ఎవరడిగినా చెప్పేస్తుంది. చవక పరికరంతో దానికి నకలు చేయవచ్చు. అంతకంటే మంచిదని చెప్పిన మైఫేర్ క్లాసిక్ కార్డు రహస్యాన్ని కూడా 2008 నాటికే యూరపు పరిశోధకులు బయటపెట్టారు. గోడౌనులో సరుకు పోయింది, ఆ రాత్రి నీ కార్డే తలుపు తీసింది అని చార్జిషీటు ఇస్తే, కార్డు రకం ఏమిటి, కెమెరాలో మొహం ఉన్నదా, కంప్యూటరు గడియారం సరిగా ఉన్నదా, రికార్డు మార్చడానికి ఎవరికి వీలున్నది అని రాతలో అడగాలి. కోర్టులోనైతే కంప్యూటరు కాగితానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. మిల్లు లోపలి విచారణకు ఆ చట్టం అక్షరాలా వర్తించకపోయినా, అడగడం మన హక్కు. వేలిముద్రలు, మొహాల ఫోటోలు ఎవరి దగ్గర దాస్తున్నారన్నది కూడా అడగండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. కానీ ఉద్యోగపు అవసరాలకైతే యజమాని సమ్మతి లేకుండానే వాడుకోవచ్చునని అందులోనే ఒక వెసులుబాటు ఉన్నది. కాబట్టి దాని మీద భారం వేసి కూర్చోవద్దు. పని మానినవాని ముద్రలు చెరిపేయాలని మన ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఇప్పుడు చేయవలసిన పని. వచ్చే సోమవారం నుండి ప్రతి మిల్లులో మన కమిటీ సభ్యులు ఇద్దరు చొప్పున షెడ్డులోని తలుపులన్నీ చూసి రావాలి. బయటికి పోయే తలుపు ఏది, తాళం ఏ రకం, ఆకుపచ్చ పెట్టె ఉన్నదా, దాని ముందు కోన్ల ట్రాలీలు పెట్టి అడ్డం చేశారా, అన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి. తలుపులను మీరుగా పగలగొట్టి చూడవద్దు, చార్జిషీటుకు దారి ఇవ్వవద్దు. సేఫ్టీ కమిటీ ముందు, పని వేళలో, మెయిన్ ఆపి, బ్యాటరీ ఉన్నది ఉన్నట్టుగానే ఉంచి, అలారం మోగించి తలుపు తెరుచుకుంటుందో లేదో చూపమని యాజమాన్యాన్ని కోరుతూ మెమొరాండం తయారు చేశాము. తెరుచుకుంటే మంచిదే, మేమే చప్పట్లు కొడతాము. హాస్టలు తలుపుల సంగతి అందులో వేరే పేరాగా ఉన్నది. ఆ పేరాను ఆడవాళ్ళ కమిటీయే రాసింది, మేము ఒక్క అక్షరం మార్చలేదు.

మెమొరాండం తెలుగులోనూ తమిళంలోనూ ఉన్నది. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, రాతలో తమిళం గదా. ఏది చదవగలిగితే అది చదివి సంతకం చేయండి. ప్రతులు వెనక బల్ల మీద ఉన్నాయి. సంతకం రానివారికి ఇంకు ప్యాడు కూడా పెట్టాము. ఏ వేలైనా సరే, మేము వెనక్కి పంపము. ఇక బోనసు గురించి కోశాధికారి గారు మాట్లాడతారు.